విడాకులకు వెళ్ళేవాళ్ళు కాగితాలు, డబ్బు చేజారకుండా చూసుకోవడం ఎలా

మా చిన్నాన్న కూతురి విడాకుల కేసు మూడేళ్ళకు పైగా నడిచింది. వాయిదాలకు తోడు వెళ్ళడం, జిరాక్సులు తీయించడం, లాయర్ ఆఫీసులో గంటలు గంటలు కూర్చోవడం, ఫైలు మోయడం అన్నీ నా వంతే. పెళ్ళిని రద్దు చేసేది కోర్టే గానీ, హౌసింగ్ లోను, లాకరు, చిట్టీ జామీను, ఎల్‌ఐసీ నామినీ, పిల్లవాడి స్కూలు ఫీజు, వీటిని విడదీసుకోవాల్సింది మనమేనని ఆ మూడేళ్ళలో అర్థమైంది. అడగనిది జడ్జిగారు ఇవ్వరు. డిక్రీలో, అంటే కోర్టు తుది తీర్పు కాగితంలో, రాయించుకోనిది తర్వాత అడిగితే మళ్ళీ కొత్త కేసే. మా కేసులో వాదనలు బాగానే జరిగాయి, లెక్కల దగ్గరే దెబ్బతిన్నాం.

నేను లాయర్ని కాను. ఇక్కడ రాసింది ముఖ్యంగా 1955 నాటి హిందూ వివాహ చట్టం కింద మన రెండు రాష్ట్రాల కోర్టుల్లో నడిచే కేసుల సంగతి. క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టం, రిజిస్టర్ మ్యారేజీ చేసుకున్న మతాంతర దంపతులకు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉన్నాయి. ముస్లింల విషయంలో రెండు ఇటీవలి తీర్పులు తెలుసుకోవాలి. విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా మామూలు భరణం కేసు వేసుకోవచ్చని 2024 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ కేసు వెళ్ళింది తెలంగాణ నుంచే. ఖులా, అంటే భార్య కోరే విడాకులు, కోరడానికి భర్త ఒప్పుకోలు అవసరం లేదని 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. చట్టం ఏదైనా డబ్బు లెక్కలు మాత్రం దాదాపు అందరికీ ఒకటే.

ఇంట్లో కొడుతున్నారు, ప్రాణభయం ఉంది అంటే ఇవన్నీ పక్కన పెట్టండి. 112కి గానీ 181కి గానీ ఫోన్ చేసి ముందు బయటపడండి. నగలు, సర్టిఫికెట్లు అక్కడే ఉండిపోయినా 2005 నాటి గృహహింస చట్టం కింద వాటిని ఇప్పించమని అడగవచ్చు.

మొదటి మెట్టు: స్టాంపు కాగితం విడాకులను నమ్మవద్దు

మన ఊళ్ళలో ఇప్పటికీ జరిగేదే ఇది. పెద్దమనుషులు కూర్చుంటారు, వంద రూపాయల స్టాంపు కాగితం మీద ‘ఇకపై ఒకరితో ఒకరికి సంబంధం లేదు’ అని రాయిస్తారు, నోటరీ ముద్ర వేయిస్తారు, ఎవరి సామాను వాళ్ళకు ఇప్పిస్తారు. ఆ కాగితంతో పెళ్ళి రద్దు కాదు. దాన్ని నమ్మి రెండో పెళ్ళి చేసుకుంటే అది చెల్లదు, పైగా నేరం. కొన్ని కులాల్లో ఆచారం ప్రకారం విడాకులు తీసుకునే పద్ధతిని చట్టం 29వ సెక్షన్‌లో గుర్తించింది గానీ, ఆ ఆచారం నిజంగా ఉందని కోర్టులో రుజువు చేయాల్సింది మీరే. అది అంత తేలిక కాదు.

పంచాయితీ దండగ అనడం లేదు. డబ్బు మాట, పిల్లల మాట అక్కడ తేల్చుకోగలిగితే మంచిదే. తేల్చుకున్నదాన్ని కోర్టుకు తీసుకెళ్ళి డిక్రీగా మార్పించుకోండి.

రెండో మెట్టు: ఏ దారిలో వెళ్తారో చూసుకోండి

దారులు రెండు. ఇద్దరూ ఒప్పుకుని వేసేది 13-బి పిటిషన్, కోర్టు దగ్గర అందరూ ‘మ్యూచువల్’ అంటారు. ఒక్కరే వేసేది 13వ సెక్షన్ కింద: క్రూరత్వం, వ్యభిచారం, రెండేళ్ళు వదిలేసి వెళ్ళడం లాంటి కారణాలు చూపి, సాక్ష్యంతో నిరూపించాలి. ‘మా ఇద్దరికీ పడటం లేదు’ అన్నది ఈ సెక్షన్‌లో కారణం కాదు. పెళ్ళి బాగుపడే ఆశ లేనంతగా విరిగిపోయిందని విడాకులు ఇచ్చే అధికారం సుప్రీంకోర్టుకు ఉందని 2023లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అది 142వ అధికరణం కింద సుప్రీంకోర్టుకున్న ప్రత్యేక అధికారం, మన జిల్లా కోర్టుకు లేదు.

మ్యూచువల్‌కు కనీసం ఏడాదిగా విడిగా ఉంటూ ఉండాలి. విడిగా అంటే వేరే ఇంట్లోనే ఉండాలని కాదు, భార్యాభర్తలుగా కాపురం చేయకపోతే చాలు. పిటిషన్ వేసిన రోజు మొదటి మోషన్, అంటే ఇద్దరూ కోర్టు ముందు సమ్మతి చెప్పడం. ఆరు నెలల తర్వాత, పద్ధెనిమిది నెలల లోపు రెండో మోషన్. ఈ ఆరు నెలల ఆగుడు తప్పనిసరి కాదని, అన్ని విషయాలూ తేలిపోయి, కలిసే అవకాశం లేదనిపిస్తే కోర్టు మాఫీ చేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. మాఫీ కోసం విడిగా ఒక అర్జీ పెట్టుకోవాలి.

ఈ రెండు మోషన్ల మధ్య ఎవరైనా మనసు మార్చుకోవచ్చు. డిక్రీ వచ్చేదాకా ఇద్దరి సమ్మతీ నిలిచి ఉండాలని 1991 నుంచీ ఉన్న తీర్పు. అందుకే డబ్బు మొత్తం మొదటి రోజే ఇచ్చేసినవాళ్ళూ, డబ్బు చూడకుండానే రెండో మోషన్‌లో ‘సమ్మతమే’ అన్నవాళ్ళూ తర్వాత చిక్కుల్లో పడతారు.

పోట్లాడి గెలవాలన్న కసి ఉంటుంది, అర్థం చేసుకోగలను. కానీ ‘ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడు’ అన్న సామెత కుటుంబ కేసులు చూసినవాళ్ళే పుట్టించి ఉంటారు. కాస్త తక్కువైనా సరే, డబ్బు చేతికొచ్చే మ్యూచువల్ మేలని నా అభిప్రాయం. అవతలివాళ్ళు ఆస్తి దాస్తున్నారని గట్టి అనుమానం ఉంటే మాత్రం తొందరపడి సంతకం పెట్టకండి.

పెళ్ళయి ఏడాది నిండకుండా మామూలుగా విడాకుల పిటిషన్ తీసుకోరు. ఇంకో సంగతి, వెంటనే మళ్ళీ పెళ్ళి ఆలోచన లేకపోతే 10వ సెక్షన్ కింద జ్యుడీషియల్ సెపరేషన్ కూడా అడగవచ్చు. విడిగా ఉంటారు, భార్యాభర్తల హోదా మాత్రం పోదు. భర్త ప్రభుత్వోద్యోగి అయితే ఇది ఒక్కసారి ఆలోచించాల్సిన విషయం, ఎందుకంటే విడాకులు పొందిన భార్యకు ఫ్యామిలీ పెన్షన్ రాదు.

మూడో మెట్టు: నోటీసు వెళ్ళకముందే కాగితాలు పోగుచేయండి

లాయర్ నోటీసు చేరిన మర్నాటి నుంచి ఇంట్లో బీరువా తాళాలు మారిపోతాయి. కాబట్టి ముందే చేయాల్సిన పని ఇది. పెళ్ళి శుభలేఖ, ఫొటోలు, మ్యారేజ్ సర్టిఫికెట్ ఉంటే అది. పిల్లల పుట్టిన సర్టిఫికెట్లు. మీ చదువు సర్టిఫికెట్ల ఒరిజినళ్ళు, పాస్‌పోర్టు, ఆధార్, పాన్. ఇవి మీవి, మీ దగ్గరే ఉండాలి.

ఆ తర్వాత డబ్బుకు సంబంధించినవి: మూడేళ్ళ బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇద్దరి ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు, జీతం స్లిప్పులు, ఫారం 16, డీమాట్, మ్యూచువల్ ఫండ్ స్టేట్‌మెంట్లు, ఎల్‌ఐసీ బాండ్లు, పీఎఫ్ పాస్‌బుక్, పోస్టాఫీసు పుస్తకాలు, చిట్టీ పాస్‌బుక్, దస్తావేజుల కాపీలు. ఫొటో తీసుకుని మీ సొంత మెయిల్‌కు పంపుకోండి. పాస్‌వర్డ్ ఇంట్లో అందరికీ తెలిసిన మెయిల్ కాకుండా కొత్తది తెరవండి. ఫోన్ బిల్లు ఎవరి పేరు మీద ఉందో చూసుకోండి. సిమ్ ఆయన పేరు మీద ఉంటే ఓటీపీలు ఆయన చేతుల్లోకి వెళ్ళినట్టే.

ఆస్తి ఎక్కడుందో తెలియకపోతే రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా) తీయండి. పొలాలైతే ఆంధ్రప్రదేశ్‌లో మీభూమి, తెలంగాణలో ధరణి స్థానంలో వచ్చిన భూభారతి చూడండి. సర్వే నంబరు గానీ డాక్యుమెంట్ నంబరు గానీ చేతిలో ఉంటే సగం పని అయినట్టే. శిస్తు రసీదు, పాత కరెంటు బిల్లు కూడా ఆచూకీ చెబుతాయి.

వాట్సాప్ మెసేజీలు సాక్ష్యంగా పనికొస్తాయి. స్క్రీన్‌షాట్లు ఒక్కటే చాలవు, ఫోన్‌ను అలాగే ఉంచండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. భార్యాభర్తల మధ్య రహస్యంగా రికార్డు చేసిన మాటలను కూడా విడాకుల కేసులో పరిశీలించవచ్చని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. అలాగని అవతలివారి ఫోన్ లాక్ తీసి, మెయిల్‌లో దూరి తవ్వకండి. అది ఐటీ చట్టం కింద మీ మీదికే వస్తుంది.

నాలుగో మెట్టు: నీళ్ళు కారే కుళాయిలు కట్టేయండి

ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీసుకోగలిగే జాయింట్ ఖాతా ఉంటే, ఇకపై ఇద్దరి సంతకాలూ ఉంటేనే తీయాలని బ్యాంకుకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఉన్నదంతా మీరే ఊడ్చేయకండి. రేపు కోర్టులో అదే మీకు వ్యతిరేకంగా చూపిస్తారు. నెలవారీ ఖర్చుకు సరిపడా తీసుకుని, ఎంత తీశారో, దేనికో రాసి పెట్టుకోండి. యాడ్-ఆన్ క్రెడిట్ కార్డు రద్దు చేయించండి.

అప్పుల్లో ఎక్కువమంది మర్చిపోయేది జామీను. మా చెల్లి తన భర్త పాడుకున్న చిట్టీకి జామీను సంతకం పెట్టింది. ఉద్యోగస్థురాలు కదా, జీతం సర్టిఫికెట్ అడిగారు, ఇచ్చింది. కేసు మొదలయ్యాక ఆయన వాయిదాలు కట్టడం మానేశాడు. చిట్టీ కంపెనీ నోటీసు నేరుగా ఆమె ఆఫీసుకే వచ్చింది. విడాకులైతే జామీను దానంతటదే పోదు. బ్యాంకుకు గానీ చిట్టీ కంపెనీకి గానీ మీ డిక్రీతో పని లేదు, వాళ్ళు చూసేది మీ సంతకమే. వేరే జామీనుదారును పెట్టించి మీ పేరు తీసేసినట్టు కాగితం తీసుకోవడం సెటిల్‌మెంట్‌లో ఒక షరతుగా ఉండాలి. మేము పెట్టలేదు.

మీ సిబిల్ రిపోర్టు ఒకసారి తీసి చూడండి. మీకు తెలియకుండా మీ పేరు మీద, లేదా మీరు కో-అప్లికెంట్‌గా ఏయే లోన్లు ఉన్నాయో అందులో కనబడతాయి.

ఐదో మెట్టు: బంగారం

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, మన ఇళ్ళలో సగం గొడవ దీని చుట్టూనే కాబట్టి.

పెళ్ళికి ముందు, పెళ్ళిలో, తర్వాత అమ్మాయికి పుట్టింటివాళ్ళు, అత్తింటివాళ్ళు, బంధువులు ఇచ్చిన నగలు, వెండి, బట్టలు, పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలమో స్థలమో స్త్రీధనం. దాని మీద పూర్తి హక్కు ఆమెదే. అత్తగారి బీరువాలో ఉన్నంత మాత్రాన అత్తగారిది కాదు, అప్పగించిన సొత్తు కింద లెక్క. తిరిగి ఇవ్వకపోతే నమ్మకద్రోహం నేరం అవుతుందని 1985లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2024లో మళ్ళీ, స్త్రీధనం మీద భర్తకు యాజమాన్యం లేదని, కష్టకాలంలో వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిందేనని చెప్పింది. కట్నంగా తీసుకున్నదాన్ని కూడా అమ్మాయికి బదిలీ చేయాలని వరకట్న నిషేధ చట్టం 6వ సెక్షన్‌లో ఉంది.

హక్కు ఉంది సరే, రుజువు? పెళ్ళి కానుకలన్నీ జాబితా రాసి ఇద్దరూ సంతకం పెట్టాలని 1985 నాటి నిబంధనలు ఉన్నాయి. మన వైపు ఏ పెళ్ళిలోనూ ఆ జాబితా రాయడం నేను చూడలేదు. చదివింపుల పుస్తకం మాత్రం రూపాయితో సహా రాస్తాం! కాబట్టి ఉన్న ఆధారాలే కూర్చుకోవాలి. నగల షాపు బిల్లులు, అమ్మానాన్నల బ్యాంకు ఖాతాలో ఆ రోజుల్లో డబ్బు తీసిన ఎంట్రీలు, పెళ్ళి వీడియో. మేము వీడియో ఆపి ఆపి చూసి, ఏ నగ ఎప్పుడు మెడలో ఉందో నిమిషాలతో సహా రాశాం. పేరు, సుమారు బరువు, ఎవరు ఇచ్చారు, ఇప్పుడు ఎక్కడుంది అని నాలుగు గడుల పట్టిక తయారైంది. లాయర్ గారు చూసి ‘ఇది చాలమ్మా, దీంతో నేను మాట్లాడతాను’ అన్నారు.

తర్వాత తేలింది, అందులో రెండు నగలు ఆయన పేరు మీద గోల్డ్ లోనులో ఉన్నాయి. కుదువ పెట్టినవారి పేరు మీదే రసీదు ఉంటుంది, విడిపించుకునేదీ వాళ్ళే. నగలు తాకట్టులో ఉన్నాయని అనుమానం ఉంటే వేలానికి వెళ్ళకముందే ఆ లోను ఇచ్చిన సంస్థకు లాయర్ ద్వారా రాయించండి, కోర్టులో స్టే అడగండి. ఆలస్యమైతే మిగిలేది వేలం కాగితమే. లాకరు ఉమ్మడిగా ఉంటే ఇద్దరూ కలిసి వెళ్ళి తెరిచి, ఉన్నవి తూకంతో సహా రాసుకుని, ఇద్దరూ సంతకం పెడితే తర్వాత దొంగతనం మాటలు రావు.

పిటిషన్‌లో కట్నం మొత్తం రాసేటప్పుడు జాగ్రత్త. కట్నం ఇవ్వడమూ నేరమే. బాధితులు చెప్పిన మాటను బట్టి వాళ్ళ మీదే కేసు పెట్టకుండా 7వ సెక్షన్‌లో రక్షణ ఉంది. అయినా ఆదాయం చూపలేని పెద్ద అంకెలు గొప్పకు పోయి రాయకండి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదటి ప్రశ్న ‘మీ నాన్నగారికి అంత డబ్బు ఎక్కడిది?’ అనే.

ఆరో మెట్టు: లాయర్, కోర్టు

కేసు ఎక్కడ వేయవచ్చు? పెళ్ళి జరిగిన చోట, ఇద్దరూ చివరిగా కాపురం ఉన్న చోట, అవతలివారు ఉంటున్న చోట. భార్య వేస్తే తను ప్రస్తుతం ఉంటున్న ఊళ్ళో కూడా వేయవచ్చు. ఫ్యామిలీ కోర్టు ఉన్న ఊళ్ళలో అక్కడ, లేనిచోట సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో. ఎఫ్‌సీఓపీ, హెచ్‌ఎంఓపీ అంటే విడాకుల పిటిషన్లు, ఎంసీ అంటే భరణం కేసు, డీవీసీ అంటే గృహహింస కేసు, ఐఏ అంటే మధ్యలో వేసే అర్జీ. ఈ ఐదు పొట్టి పేర్లు తెలిస్తే కోర్టు హాల్లో గుమాస్తా ఏం పిలుస్తున్నాడో అర్థమవుతుంది.

లాయర్ దగ్గర మూడు విషయాలు మొహమాటం లేకుండా అడగండి: మొత్తం ఫీజు ఎంత, వాయిదాకు వేరే తీసుకుంటారా, గుమాస్తా ఖర్చులు అందులోనేనా. ఒరిజినల్ కాగితాలు ఇవ్వాల్సి వస్తే లిస్టు రాసి సంతకం తీసుకోండి. కేసు నంబరు, పదహారు అక్షరాల సీఎన్ఆర్ నంబరు అడిగి రాసుకోండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో అది కొడితే తర్వాతి వాయిదా ఎప్పుడో, మొన్న ఏం జరిగిందో మీకే కనబడుతుంది. ‘వాయిదా పడిందమ్మా’ అన్న మాట నిజమో కాదో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి మార్గం లేదు.

ఫీజు కట్టలేని వాళ్ళకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. మహిళలకు ఆదాయంతో పని లేదు, లక్ష జీతం ఉన్నా అర్హులే. నంబరు 15100.

సమన్లు వస్తే తీసుకోండి. తీసుకోకుండా తిప్పి పంపిస్తే కేసు ఆగదు, మీరు లేకుండానే తీర్పు, అంటే ఎక్స్‌పార్టీ డిక్రీ వస్తుంది. అది రద్దు చేయించుకోవడానికి ముప్పై రోజులే గడువు, పైగా ఎందుకు రాలేకపోయారో చెప్పుకోవాలి.

ఏడో మెట్టు: కేసు నడుస్తుండగా బతకడానికి డబ్బు

హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద మధ్యంతర భరణం, కోర్టు ఖర్చులు అడగవచ్చు. ఆదాయం లేని భర్త కూడా ఈ సెక్షన్ కింద అడగవచ్చు. నోటీసు అందిన 60 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉంది, నిజంగా అంత త్వరగా అవుతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. ఇది కాక మామూలు భరణం కేసు ఉంది, దానికి పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 125 స్థానంలో 2024 జులై 1 నుంచి బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 144 వచ్చింది. గృహహింస చట్టం కింద కూడా డబ్బు, నివాసం అడగవచ్చు. మూడు చోట్లా వేయవచ్చు గానీ ఒకచోట వచ్చినదాన్ని ఇంకోచోట చెప్పాలి, సర్దుబాటు చేస్తారు.

2020 నవంబరులో సుప్రీంకోర్టు రెండు మంచి పనులు చేసింది. ఒకటి, భరణం అర్జీ పెట్టిన తేదీ నుంచే లెక్కించాలంది. అందుకే ఆలస్యం చేసిన ప్రతి నెలా నష్టమే. రెండు, ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు అఫిడవిట్‌గా దాఖలు చేయాలంది. నిర్ణీత నమూనా ఉంది. ఈ అఫిడవిట్‌ను ఏదో ఫారం అనుకుని గుమాస్తాతో నింపించవద్దు. మీరే కూర్చుని రాయండి: అద్దె, పాలు, కూరలు, మందులు, స్కూలు బస్సు, అమ్మగారి బీపీ మాత్రలు. ఉద్యోగం ఉండి లేదని రాయకండి. పీఎఫ్ ఖాతా, లింక్డిన్ పేజీ, పన్ను కోతలు కనబడే ఫారం 26ఏఎస్ ఏదో ఒకటి పట్టిస్తుంది, ఆ తర్వాత మీరు ఏం చెప్పినా జడ్జిగారు నమ్మరు. అవతలివారు దాచిన అంకె దొరికితే దాన్ని తెప్పించమని బ్యాంకుకో, కంపెనీకో సమన్లు కోరుతూ ఐఏ వేయించండి.

ఆర్డరు వచ్చాక కట్టడం మానేస్తే? 144 కింద వచ్చిన ఆర్డరు అయితే వారెంట్ అడగవచ్చు, బాకీకి నెల వరకూ జైలు పడవచ్చు. కానీ బాకీ పడిన తేదీ నుంచి ఏడాది లోపే ఆ అర్జీ పెట్టాలి. ‘ఎప్పుడో ఒకప్పుడు ఇస్తాడులే’ అని రెండేళ్ళు ఊరుకుంటే పాత నెలలకు ఆ దారి మూసుకుపోతుంది.

ఎనిమిదో మెట్టు: సెటిల్‌మెంట్ అంకె ఎలా వేయాలి

‘విడాకులైతే ఆస్తిలో సగం భార్యకు’ అన్నది సినిమా మాట. మన దేశంలో అలాంటి చట్టం లేదు. ఆస్తి ఎవరి పేరున ఉంటే వాళ్ళదే, ఉమ్మడిగా ఉంటే వాటా. అత్తమామల సొంత ఇంట్లో కోడలికి నివాసహక్కు రావచ్చు, యాజమాన్యం రాదు. 2020లో సుప్రీంకోర్టు చెప్పింది ఆ నివాసం గురించే. కాబట్టి భర్త తాతల పొలం చూపించి అంకె వేసుకోకండి, అది భరణం నిర్ణయించేటప్పుడు ఆయన స్థోమతలో భాగంగా చూస్తారంతే.

నికర జీతంలో 25 శాతం అన్న లెక్క 2017 తీర్పు ఒకదాని నుంచి వచ్చింది. లాయర్లు మాట్లాడుకోవడానికి పనికొస్తుంది గానీ అది సూత్రం కాదు. ఎన్నేళ్ళ కాపురం, ఇద్దరి చదువు, సంపాదన, ఆరోగ్యం, పిల్లలు ఎవరి దగ్గర, అప్పులు ఎంత, ఇవన్నీ చూస్తారు.

ఒకేసారి తీసుకోవాలా, నెలనెలానా? ఒక ఉదాహరణ వేసి చూద్దాం. చేతికొచ్చే జీతం 80,000. పావు వంతు 20,000, అంటే ఏడాదికి 2,40,000. ఏడు శాతం వడ్డీ మీద అంత రావాలంటే అసలు 34 లక్షల పైచిలుకు కావాలి. ‘పది లక్షలు ఇస్తాం, ముగించేద్దాం’ అని పంచాయితీలో అన్నప్పుడు ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి. అవతలి పక్కవాళ్ళూ వేసుకోవచ్చు: ఆమెకు నలభై వేల ఉద్యోగం ఉంటే, తొందరలో మళ్ళీ పెళ్ళి చేసుకునే అవకాశం ఉంటే ఆ అంకె బాగా తగ్గుతుంది. నెలనెలా ఇచ్చేవాడు క్రమశిక్షణ ఉన్నవాడైతే, జీతం నుంచి కోత పెట్టించగల ఉద్యోగమైతే నెలవారీ నడుస్తుంది. వ్యాపారస్థుడైతే ఒకేసారి తీసుకోవడమే నయం. నెలవారీ డబ్బును తీసుకునేవారు ఆదాయంగా చూపాల్సి రావచ్చు, ఒకేసారి వచ్చేదానికి మామూలుగా పన్ను ఉండదు. ఇచ్చేవారికి ఏ మినహాయింపూ లేదు. సంతకానికి ముందు ఒక గంట ఆడిటర్ దగ్గర కూర్చోండి. డబ్బు డీడీగానో ఆర్టీజీఎస్‌గానో మాత్రమే. రెండు లక్షలు, ఆపైన నగదు పుచ్చుకోవడం ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టానికి విరుద్ధం.

ఇల్లు ఇస్తామంటే సంబరపడకండి, ముందు లోను ఎంత మిగిలిందో అడగండి. 70 లక్షల ఫ్లాటు మీద 40 లక్షల లోను ఉంటే మీకు ఇస్తున్నది 30 లక్షలే, దాంతోపాటు నెలనెలా ఈఎంఐ కూడా. ఉమ్మడి లోనులో ఒకరి పేరు తీసేయడం బ్యాంకు ఇష్టం. ఉండిపోయేవారి జీతం ఒక్కటే సరిపోతుందా అని చూసి ఒప్పుకుంటేనే తీస్తుంది. బ్యాంకు ఒప్పుకున్న కాగితం చేతికి రాకముందు రెండో మోషన్‌కు వెళ్ళవద్దు. ఇంటి వాటా వదులుకునే దస్తావేజు రిజిస్టర్ చేయించాలా, డిక్రీ చాలా, స్టాంపు డ్యూటీ ఎంత అన్నది కూడా ముందే కనుక్కోండి. కుటుంబసభ్యుల మధ్య బదిలీకి ఉండే తక్కువ రేటు, డిక్రీ వచ్చి భార్యాభర్తలు కాకుండా పోయాక దక్కకపోవచ్చు.

తొమ్మిదో మెట్టు: పిల్లల డబ్బు వేరు

ఐదేళ్ళ లోపు పిల్లలు మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 నాటి చట్టం చెబుతుంది. ఆ తర్వాత పిల్లల మేలు ఎక్కడుంటే అక్కడ. డబ్బు విషయంలో గట్టిగా పట్టుకోవాల్సింది ఒకటి: తల్లి తన భరణం వదులుకున్నా పిల్లల భరణం వదులుకునే హక్కు ఆమెకు లేదు. ‘పిల్లవాడితో సహా అన్నీ ఇందులోనే’ అని రాయించాలని చూస్తారు. ఒప్పుకోకండి, విడిగా రాయించండి.

ఇప్పుడు 1,20,000 ఉన్న స్కూలు ఫీజు ఏటా పది శాతం పెరిగితే పదేళ్ళకు మూడు లక్షలు దాటుతుంది. ఒకే అంకె రాయించుకుంటే నష్టపోతారు. ‘ఫీజులో సగం నేరుగా స్కూలుకు కట్టాలి’ అనో, ఏటా ఇంత శాతం పెంపు అనో ఉండాలి. ఇంజనీరింగ్, మెడిసిన్ ఖర్చు, ఆసుపత్రి బిల్లులు, హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం ఎవరివో ఉండాలి. చూడటానికి వచ్చే రోజులు, పండగలు, వేసవి సెలవులు, వీడియో కాల్ సమయం, పాస్‌పోర్టుకు సంతకం ఎవరు పెడతారు, అన్నీ. ‘వీలును బట్టి చూడవచ్చు’ అన్న వాక్యం రాసుకున్నవాళ్ళు మళ్ళీ కోర్టుకు రావడం కళ్ళారా చూశాను.

పదో మెట్టు: ఒప్పందంలో ఏ వాక్యాలు ఉండాలి

ఎంత, ఏ తేదీన, ఏ డీడీ నంబరుతో. మొదటి మోషన్ రోజు కొంత, మిగతాది రెండో మోషన్ రోజు కోర్టులోనే. ఇచ్చేవారు పూర్తిగా ఇచ్చేయకుండా, తీసుకునేవారు డబ్బు చూడకుండా సమ్మతి చెప్పకుండా ఇది ఇద్దరినీ కాపాడుతుంది. నగల జాబితా, అప్పగించిన తేదీ. ఏ అప్పు ఎవరిది. జామీనులు తొలగింపు. నడుస్తున్న కేసులన్నీ నంబర్లతో సహా, ఏది ఎవరు ఎప్పుడు ఉపసంహరించాలో. గృహహింస, భరణం కేసులు వెనక్కి తీసుకోవచ్చు గానీ భార్యను వేధించినందుకు పెట్టే పాత 498ఏ, ఇప్పటి బీఎన్ఎస్ 85 కింద ఉన్న క్రిమినల్ కేసు పోలీసులది, మీరు వద్దన్నంత మాత్రాన పోదు. పాత 498ఏ కేసైతే మన రెండు రాష్ట్రాల్లో కోర్టు అనుమతితో అక్కడే రాజీ చేసుకునే వీలుంది, లేకపోతే రాజీ చూపించి హైకోర్టులో క్వాష్ (కొట్టివేత) చేయించుకోవాలి. దానికి సహకరించి అఫిడవిట్ ఇవ్వాలన్న షరతు, దానికి డబ్బులో ఆఖరి భాగాన్ని ముడిపెట్టడం మామూలుగా చేసే పని.

ఇంగ్లిషులో రాసిన ఒప్పందం అర్థం కాకపోతే తెలుగులో చదివి వినిపించమనండి. మీ ఇంటివాళ్ళు తొందరపెట్టినా ఒక రాత్రి ఇంటికి తీసుకెళ్ళి చదవండి.

విదేశాల్లో ఉన్నవాళ్ళకు

తిరుపతిలో పెళ్ళయి, అమెరికాలోని మిస్సోరీలో భర్త ఒక్కడే తెచ్చుకున్న విడాకులు ఇక్కడ చెల్లవని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. హిందూ వివాహ చట్టంలో లేని కారణం మీద, భార్య హాజరు కాకుండా, ఆ కోర్టు అధికారాన్ని ఒప్పుకోకుండా వచ్చిన తీర్పు అది. ఇద్దరూ హాజరై ఒప్పుకున్న విదేశీ డిక్రీ సంగతి వేరు. డల్లాస్‌లో ఉన్న భర్త నుంచి అక్కడి కోర్టు కాగితాలు వస్తే ‘ఇక్కడ చెల్లదుగా’ అని పక్కన పడేయకండి. అక్కడి ఆస్తి, 401కే (రిటైర్మెంట్ పొదుపు) డబ్బు, పిల్లల సంగతి అక్కడి కోర్టే తేలుస్తుంది. ఇక్కడి లాయర్‌తోపాటు అక్కడి లాయర్‌తోనూ మాట్లాడండి. అక్కడి నుంచి పంపే పవర్ ఆఫ్ అటార్నీ కాన్సులేట్‌లో గానీ నోటరీ, అపోస్టిల్‌తో (విదేశాల్లో చెల్లేలా వేసే ధ్రువీకరణ ముద్ర) గానీ చేయించి, ఇండియాకు చేరిన మూడు నెలల్లో ఇక్కడ స్టాంపు చేయించాలి.

డిక్రీ వచ్చాక

సర్టిఫైడ్ కాపీలు కనీసం నాలుగు తీసుకోండి, తర్వాత తిరగడం కష్టం. పోరాడి గెలిచిన డిక్రీ అయితే అప్పీలు గడువు దాటేదాకా మళ్ళీ పెళ్ళి మాట ఎత్తకండి.

ఆ తర్వాత బ్యాంకుల్లో, పీఎఫ్‌లో, ఎల్‌ఐసీలో, డీమాట్‌లో నామినీ మార్చండి. వీలునామా రాసి ఉంటే కొత్తది రాయండి, విడాకులతో పాతది దానంతటదే రద్దు కాదు. భర్త కంపెనీ ఇచ్చే హెల్త్ ఇన్సూరెన్స్‌లో మీరిక ఉండరు, కొత్త పాలసీ ముందే తీసుకుని ఉంచండి, పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. ఆధార్, పాన్, పాస్‌పోర్టులో పేరు మార్చుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. పిల్లల ఖాతాల్లో గార్డియన్ ఎవరో చూడండి, ముఖ్యంగా సుకన్య సమృద్ధి ఖాతా తండ్రి పేరున తెరిచి ఉంటే.

ఆరు నెలలకు సిబిల్ మళ్ళీ తీయండి. మా చెల్లి తీస్తే ఆ చిట్టీ జామీను తాలూకు బాకీ ఇంకా అలాగే కనబడింది. ఫోన్ చేసి ‘అన్నయ్యా, కోర్టులో ఇది ఎవరూ అడగలేదేంటి?’ అంది. ఆ శనివారం ఇద్దరం కలిసి చిట్టీ ఆఫీసుకు వెళ్ళాం.